ఊడ్చిన దారి

మా ఊరి నుంచి పలాస వెళ్లడానికి రెండు దారులు ఉండేవి. ఒకటి లారీలు తిరిగే తారురోడ్డు. అది ఊరి పక్క వాగు, మా మాటలో గెడ్డ, దాని అవతలగా చుట్టుకుని, పక్క ఊరిని కూడా ఓసారి పలకరించి, తీరుబడిగా మెయిన్ రోడ్డు ఎక్కుతుంది. రెండోది జీడితోటల మధ్య నుంచి సూటిగా పోయే కాలిబాట. దాన్ని మేం తోటదారి అనేవాళ్లం. అంతా ఇసుక. జీడిచెట్లు నేలబారుగా పెరుగుతాయి కాబట్టి అక్కడక్కడా తల వంచి నడవాలి. ఎమ్మెల్యే వచ్చినా ఇక్కడ వంగాల్సిందేనని మా ఆయన నవ్వేవాడు. ఆ దారి చివర ఆటోలు ఆగేవి.

దాని గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. రాస్తే బాధ తగ్గుతుందంటారు. తగ్గించుకోవడానికి ఆ బాధ ఎక్కడుందో నాకు దొరకడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం మాత్రం చేతనవును.

మా ఆయన వరసకి నాకు మేనమామ. పెళ్లయ్యాక కూడా మావా అనే పిలిచేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఉన్న కొద్దిపాటి తోటలో కొబ్బరిచెట్లు తనే ఎక్కి కాయ దింపేవాడు. నేను ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పటికీ కుడుతున్నాను. ఒక ఏడు ఆయన కాళ్లు వాచాయి. మా ఉద్దానంలో కాళ్లు వాస్తే ఇక డాక్టరు చెప్పేదాకా ఆగక్కర్లేదు, అరుగు మీద కూర్చున్న వాళ్లే కిడ్నీలని చెప్పేస్తారు. ఇంటికొకరు అంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, వీధికొకరు అంటే ఎవరూ కాదనరు. కొన్నాళ్లకు ఆయనకూ డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి రావాలి. నీళ్లు కొలుచుకుని తాగాలి. కొబ్బరినీళ్లు అసలు ముట్టుకోకూడదని చెప్పారు. పుట్టినప్పటి నుంచి బోండాం కొట్టుకుని తాగిన మనిషి, ఆ మాట విని తల ఊపి, ఇంటికొచ్చాక చెట్ల వైపు పెట్టి ఉన్న మంచాన్ని గోడ వైపు తిప్పి వేసుకున్నాడు.

వెళ్లాల్సిన రోజుల్లో పొద్దున్నే ఆయనతో తోటదారిలో నడిచి ఆటో ఎక్కించి వచ్చేదాన్ని. సాయంత్రం మళ్లీ ఎదురెళ్లి తీసుకొచ్చేదాన్ని. డయాలసిస్ అయ్యాక మనిషికి కళ్లు తిరుగుతాయి, కాళ్లలో పట్టు ఉండదు. అలాంటప్పుడు తోటదారి మంచిది. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. పడినా ఇసుకే. సగం దారిలో ఒక ముసలి జీడిచెట్టు కొమ్మ నేలకి ఆనుకుని బల్లలా ఉండేది. ఆయన అక్కడ కూర్చునేవాడు. నేను పక్కన నిలబడేదాన్ని. డ్యూటీ దిగిన, మా ఊరి చివరి పేట ఆడవాళ్లు టిఫిను క్యారేజీలు ఊపుకుంటూ మమ్మల్ని దాటి పోయేవాళ్లు. పలాసలో జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు వొలిచే పని వాళ్లది. పిక్క పాలు తగిలి వేళ్ల చివర్లు నల్లగా మాడి ఉండేవి. అందులో ఒకామె నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది, ఆగి రెండు మాటలు మాట్లాడేది. పేటంతా క్రైస్తవులు. ఆమె ఆగినప్పుడల్లా ఆయన తల మీద చెయ్యి పెట్టకుండా, పెట్టినంత పని చేసి, పెదవులు కదిపి వెళ్లిపోయేది.

"నా కోసం ప్రార్ధన సేత్తన్నావేటి?" అని ఆయన ఒకసారి అడిగాడు.

"సేత్తే నీకేటి నట్టం బావూ" అందామె.

ఆ తర్వాత తోటల్లో ఎర్రరంగు పూసిన కర్రలు పాతారు. పోర్టు వైపు పోయే పెద్ద రోడ్డు వస్తుందన్నారు. మంచిదే అనుకున్నాం. రోడ్డు అంటే నడిచేది అనే మాకు తెలుసు. ఆ రోడ్డు ఎత్తైన మట్టిగట్టు మీద పోతుందని, ఇరుపక్కలా ఇనుప కంచె వేస్తారని, అది మా తోటదారిని అడ్డంగా కోస్తుందని సభ పెట్టిన రోజునే అర్థమైంది.

సభ బడి వరండాలో పెట్టారు. మా సర్పంచి నాకు తోడికోడలు వరస. ఆమె కుర్చీలో కూర్చుంది, ఆమె భర్త మాట్లాడాడు. మా వైపు అది మామూలే. అతను మా ఆయనకి పెదనాన్న కొడుకు, తమ్ముడు వరస, నాకు మరిది. పెద్ద కొబ్బరితోట ఉన్నవాడు. వచ్చిన ఇంజనీరు కుర్రవాడే, ఎండకి ముఖం కమిలిపోయి ఉంది. బల్ల మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టాడు.

"ఈ ఊరికి రోడ్డు కింద నుంచి ఒక దారి వదులుతాం. ఎక్కడ కావాలో మీరే చెప్పండి" అన్నాడు.

మరిది లేచాడు. "గెడ్డ కాడ వదిలీండి సార్. లారీ రాకపోతే మా కాయ సెట్టు కిందే మురిగిపోతాది. కాలిబాట దేనికి? మనిషన్నవోడు ఎక్కడ నుంచైనా నడుత్తాడు."

వెనక నుంచి పేట ఆమె మాట్లాడింది. "మనిషి ఎక్కడ నుంచైనా నడిసేటట్టయితే కాయా ఎక్కడ నుంచైనా ఎలతాది బావూ. పొద్దుట మేం అందుకోకపోతే ఫ్యాక్టరీ గేటు ఏసెత్తారు. గెడ్డ కాడకి తిరిగెల్తే ఎప్పటికి అందుకుంటాం?"

అక్కడి నుంచి సభ రెండుగా చీలింది. కాయ ముఖ్యమా మనిషి ముఖ్యమా అని ఒకరంటే, కాయ లేకపోతే మనిషేం తింటాడని ఇంకొకరు. ఎవరి మాటలో అబద్ధం లేదు. అదే చిక్కు. చివర్లో మా ఆయన గోడ పట్టుకుని లేచాడు. ఆయన సభల్లో మాట్లాడే మనిషి కాదు.

"నాకు లారీ అక్కర్నేదు సార్. దారి మద్దిన కూకోడానికి ఒక కొమ్ముంది. దానికాడ నుంచి అవతలికి పోనిస్తే సాలు" అన్నాడు.

కొంతమంది నవ్వారు. ఇంజనీరుకి కొమ్మ ఏమిటో అర్థం కాలేదు. ఎవరో చెవిలో చెప్పారు, డయాలసిస్ అని. అతను మ్యాపు వైపు కాసేపు చూశాడు. "లారీల దారి ఎలాగూ ఇవ్వాలి. తోటదారి దగ్గర మనుషులు దాటడానికి ఇంకో చిన్నది అడుగుతాం. అయితే అక్కడ నిజంగా ఎంతమంది నడుస్తున్నారో మేం వచ్చి చూడాలి. చూసి రాస్తే పైవాళ్లు ఒప్పుకోవచ్చు" అన్నాడు.

ఆ మాటతో ఊరు మళ్లీ ఒకటయింది. రెండు దారులూ వస్తాయంటే ఇక కొట్లాట ఎందుకు? మరిది అందరికంటే ఉషారుగా తిరిగాడు. వచ్చేవాళ్లకి మర్యాదలో లోటు రాకూడదని ఇంటింటికీ చెప్పాడు. అతను చెప్పినవన్నీ మంచి మాటలే, నేను దగ్గరుండి విన్నాను.

వాళ్లు వచ్చే రోజు తెల్లారగానే మా వీధి ఆడవాళ్లం చీపుర్లు పట్టుకుని తోటదారికి వెళ్లాం. రాలిన ఆకు, పేడ, పాలిథిన్ కవర్లు, అన్నీ ఎత్తిపోశాం. దారి పొడవునా ఇసుక ఊడ్చాం. వెనక్కి నడుస్తూ ఊడ్చుకొచ్చాం, మా అడుగులు కూడా పడకుండా. దారి మొదట్లో నీళ్లు చల్లి ముగ్గు పెట్టాం. ముగ్గు నాదే. చుక్కలు తప్పలేదు.

మా దగ్గర ఎవరైనా ముఖ్యమైన పని మీద వస్తున్నా వెళుతున్నా ఎవరు ఎదురొచ్చారని శకునం చూస్తారు. భర్త పోయిన ఆడవాళ్లు, ఖాళీ బిందెలు, రోగిష్టి మనుషులు ఎదురు రాకూడదు. పని చెడుతుందంటారు. అందుకని మా వీధిలో ఉన్న విధవలందరికీ ముందు రోజే కబురు వెళ్లింది, ఆ పూట దారిలోకి రావొద్దని. ఈ జబ్బు ఉన్న ఊళ్లో అలాంటి ఆడవాళ్లకి కొదవ ఏముంటుంది? మా వీధి నుంచి ఆ దారిన కూలికి పోయేవాళ్లు ముఖ్యంగా వాళ్లే. డయాలసిస్ వాళ్లకైతే మరిది తన సొంత ఖర్చు మీద ఆటోలు పెట్టించాడు. తెల్లవారుజామునే వాళ్లని గెడ్డ మీదుగా చుట్టుదారిలో పంపించేశాడు.

"అన్నకి ఇయాల నడక తప్పింది వదినా" అన్నాడు నాతో. నాకు సంతోషం వేసింది. ఆయన కూడా ఆటోలో కూర్చుని చెయ్యి ఊపాడు.

పేట వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. వాళ్లు అంతకుముందే పాస్టరుగారితో మాట్లాడుకుని, దారి రావాలని ఆ రోజు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలో సెలవు చెప్పి, పొద్దున్నే స్నానాలు చేసి, చర్చిలో మోకాళ్ల మీద ఉన్నారు. మైకు లేకుండా పాడుతుంటే ఆ పాట తోట దాకా వినిపించింది.

అంతా అయ్యాక ఇంజనీరు, ఇంకో ఇద్దరు వచ్చారు. భర్త ఉన్న ఆడదాన్ని కాబట్టి నన్ను ముందు నిలబెట్టారు. బొట్టు పెట్టుకుని, మంచి చీర కట్టుకుని, కొబ్బరి బోండాల పళ్లెం పట్టుకుని ఎదురెళ్లాను. మా తోట కాయలే. వాళ్లు తాగారు. బాగున్నాయన్నారు. తర్వాత తోటదారి మొదట్లో చెట్టు కింద నిలబడి, నడిచే మనిషికొక నొక్కు చొప్పున లెక్క వేసుకోవడానికి ఫోను చేతిలో పట్టుకుని చూడటం మొదలుపెట్టారు.

ఎవరూ రాలేదు.

ఎండ ఎక్కింది. ఉడత ఒకటి దారికి అడ్డంగా పరిగెత్తింది. ఇసుక మీద దాని గోళ్ల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. ఇంజనీరు కాసేపు దారి వెంట నడిచి, వంగి చూసి, తిరిగొచ్చాడు.

"ఎవరూ నడవడం లేదేంటండీ?" అన్నాడు.

"మీరు వత్తారని ముందే అందరికీ సెప్పీసినాం సార్. ఎవులూ అడ్డు రారు" అన్నాడు మరిది.

"పేషెంట్లు ఉన్నారన్నారు?"

"ఆలకి ఆటోలు ఎట్టించి గెడ్డ మీంచి పంపించీసినాం. ఎవులికీ ఇబ్బంది నేదు సార్."

ఇంజనీరు మరిది ముఖంలోకి చూశాడు. అతనికి ఈ ఊరి మర్యాద ఏం తెలుసు, మాకు అతని లెక్క ఏం తెలుసు? భోజనం చేసి వెళ్లమంటే వద్దని, మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడి వెళ్లిపోయారు. పని బాగా జరిగిందనే అనుకుని మేం ఇళ్లకొచ్చాం. సాయంత్రం ఆయన ఆటో దిగాక నేను ముగ్గు గురించి కూడా చెప్పాను.

కొన్ని నెలల తర్వాత మండలాఫీసు నుంచి మరిది కబురు తెచ్చాడు. గెడ్డ దగ్గర ఒకటే దారి. తోటదారిలో నడిచేవాళ్లు కనిపించలేదని, రోగులు ఎలాగూ అటు నుంచి ఆటోల్లో పోతున్నారని, రెండోది అక్కర్లేదని తేల్చారట. మరిది అది చెప్పి మా అరుగు మీద కూర్చుండిపోయాడు. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"నానే పంపించినాను ఆటోల్లో" అన్నాడు.

"నీకేటి తెలుసు తమ్ముడా. ఊరుకో" అన్నాడు మా ఆయన.

పేట ఆమె జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినప్పుడు నేనే చెప్పాను. టేపు ఆమె భుజం మీద ఉంది. దాన్ని తీసి మడిచి నా చేతిలో పెట్టింది. "మోకాళ్ల మీద ఉన్నాం వదినమ్మా. కాళ్ల మీద ఉండవలసింది" అంది. ఆ రోజు ఎవరికీ కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలిస్తే వచ్చేదేమో.

గట్టు లేచింది. మా ఇళ్ల పెంకుల కంటే ఎత్తు లేచింది. జీడికొమ్మ గట్టుకి ఇవతలే మిగిలింది, కానీ దాని మీద కూర్చుని ఇక ఎక్కడికీ వెళ్లే పని లేదు. డయాలసిస్ వాళ్లందరూ కలిసి ఒక ఆటో మాట్లాడుకుని గెడ్డ మీదుగా తిరగడం మొదలుపెట్టారు. అందరికీ అయ్యేదాకా అందరూ ఆగాలి. ముందు అయినవాడు కళ్లు తిరుగుతూ ఆస్పత్రి మెట్ల మీద కూర్చోవాలి. ఆ దారిలో గుంతల కుదుపుకి చేతికి వేసిన కట్టు రక్తంతో తడిసిపోయేది. ఇంటికొచ్చి మంచం మీద వాలితే ఆయన అన్నం కూడా అడిగేవాడు కాదు.

మొదట ఒక వారం రెండుసార్లే వెళ్లాడు.

"ఇయాల ఎల్లవేటి మావా?"

"ఎల్లుండి ఎల్తాను. ఒల్లు నొప్పులుగుంది."

తర్వాత అది అలవాటయింది. నేను అరిచాను, బతిమాలాను, మరిది చేత చెప్పించాను. తోటదారి ఉంటే ఎల్లేవాణ్ణి అని ఆయన ఎప్పుడూ అనలేదు. అంటే బాగుండేది. నాకు ఒక మాటైనా మిగిలేది. ఆయన ఊరికే ఆటో చప్పుడు వినగానే అటు తిరిగి పడుకునేవాడు.

ఆ ఏడు వానలకి గెడ్డ పొంగి రోడ్డు కింద దారిలో నడుం లోతు నీళ్లు నిలిచాయి. ఆటో రాలేదు. నీళ్లు తీసేదాకా ఎవరూ వెళ్లలేదు. తీశాక మిగిలిన వాళ్లు వెళ్లారు, ఆయన వెళ్లలేదు. ఊపిరి అందకపోతే చివరికి అంబులెన్సు వచ్చింది. పలాస ఆస్పత్రిలో తెల్లారేసరికి ఆయన పోయాడు. మంచి మనిషి, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు అన్నారు. నిజమే, ఎవరినీ పెట్టలేదు.

రోడ్డు వల్ల పోయాడని నేను అనను. ఆ జబ్బే అలాంటిదని డాక్టరు చెప్పాడు, నాకూ తెలుసు. రోడ్డు లేకపోయినా ఏదో ఒక రోజు పోయేవాడు. ఎన్నాళ్ల తర్వాత అన్నదే ఎవరూ చెప్పలేరు.

ఏడవలేదని చుట్టాలు గుసగుసలాడారు. ఏడుపు వస్తుందేమోనని నేనూ చూశాను. రాలేదు. చెయ్యాల్సినవన్నీ చేశాను. బొట్టు తీశారు, గాజులు తీశారు, నేను చేతులు చాచాను. నెల తిరక్కుండానే మిషను ముందు కూర్చున్నాను. ఒకసారి సూది వేలిలో దిగింది. గుడ్డ మీద ఎర్రగా కనిపించాక గానీ నాకు తెలియలేదు. వచ్చిన వాళ్లు ఓదారుస్తుంటే వాళ్ల జాకెట్టు కుట్టు ఎక్కడ ఊడిందో చూసేదాన్ని. ఒక్కటే మారలేదు. ఆయన వెళ్లే రోజుల్లో సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాటంతటవే చెప్పుల్లో దూరేవి. తోటదారిలో కొమ్మ దాకా వెళ్లేదాన్ని. ఎదురుగా గట్టు. కాసేపు నిలబడి తిరిగొచ్చేదాన్ని. బాధపడటానికి కాదు. ఆ వేళకి ఇంట్లో ఉండటం తెలియక.

అక్కడ నిలబడటం వల్లే చూశాను, పేట ఆడవాళ్లు గట్టు పాకి ఎక్కడం. ఇనుప కంచె ఒక చోట వంచేశారు. క్యారేజీ ముందు అవతలికి విసిరి, చీర దోపుకుని దూరేవాళ్లు. పైన బండ్లు ఆగకుండా పోతుంటాయి. ఒకామెకి బండి గుద్ది కాలు విరిగింది. అప్పుడు మళ్లీ అర్జీలు పెట్టారు, మళ్లీ సభ, మళ్లీ అదే వరండా. మళ్లీ వచ్చి చూస్తామన్నారు. ఇంజనీరు కూడా అతనే, కొంచెం లావయ్యాడు.

వాళ్లు వచ్చే ముందు రోజు సాయంత్రం మరిది మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కున్నాడు.

"ఈపాలి తప్పు సెయ్యం వదినా. దారి ఊడవద్దని సెప్పీసినాను. డయాలసిస్ ఓల్లని కూడా ఇటే రమ్మన్నాను, గట్టు దాకా ఎలాగోలా వత్తారు. పేటోల్లు డూటీకి ఎల్తారు" అన్నాడు.

"మంచిదే" అన్నాను.

"నువ్వు మాత్రం..." అని ఆగాడు. నా నుదురు వైపు చూసి నేలకేసి చూశాడు. "ఏటీ అనుకోకు. నాకు నమ్మకం నేదు. మనోల్లు అంటన్నారు. ఆ ఒక్క పూట."

"సరే" అన్నాను. నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు. అంతకుముందు చాలామందికి ఆ కబురు వెళ్లడం చూశాను. అప్పుడు నేను బోండాల పళ్లెం పట్టుకుని ఉన్నాను. ఆ ఆడవాళ్లు ఆ పూట ఇళ్లలో ఏం చేశారో అడగాలని కూడా నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్న మిషను ముందు కూర్చున్నాను. వీధిలో మాటలు, చెప్పుల చప్పుడు. ఒకరి తర్వాత ఒకరు తోటదారి వైపు పోతున్నారు. పేట ఆమె మా గుమ్మం ముందు నుంచి వెళుతూ, "ఈపాలి కూకొని ప్రార్ధన సెయ్యం అని పాస్టరుగారికి సెప్పీసినాం వదినమ్మా. నడుత్తా సేత్తాం" అని సాగిపోయింది. అది ఆయన వెళ్లే రోజు. ఆయన వెళ్లే వేళ. నా కాళ్లు చెప్పుల్లో దూరాయి.

ధైర్యం చేశానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎవరినీ ఎదిరించడానికి వెళ్లలేదు. తలుపు దగ్గరేసి, ఎప్పటిలాగే ఆయనకి కుడిపక్క చోటు వదిలి, దారి ఎడమ అంచున నడిచాను. ఈసారి ఇసుక నిండా అడుగులున్నాయి. చెప్పులవీ, ఒట్టి పాదాలవీ, సైకిలువీ. కొమ్మ దగ్గర ఇంజనీరు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన మరిది, ఊరి పెద్దలు. నన్ను చూడగానే ఒకాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మరిది అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

ఇంజనీరుకి నేను గుర్తు రాలేదు. బొట్టుతో చూసిన మనిషిని బొట్టు లేకుండా గుర్తుపట్టడం కష్టమే. అతను అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు.

"ఎక్కడికమ్మా వెళ్తున్నారు?"

"పలాస బాబూ."

"పని మీదా?"

"డయాలసిస్‌కి" అన్నాను. ఆ మాట అనాలని అనుకోలేదు. ఇన్నేళ్లూ ఆ దారిలో ఎవరు అడిగినా నేను చెప్పిన మాట అదొక్కటే.

"మీకా అమ్మా?"

"మా ఆయనకి."

అతను నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఫోను మీద వేలు ఆపి, "రానివ్వండి, ఆగుతాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేనూ వెనక్కి తిరిగాను. తల వంచి నడవాల్సిన చోట కొమ్మల కింద ఎవరూ లేరు. అతను ఆగాడు. నేను ఆగాను. ఆయన నెమ్మదిగా వస్తాడు కదా, అందుకని నాకు ఆగడం ఇబ్బందిగా కూడా అనిపించలేదు.

అప్పుడు మరిది వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"ఇద్దరని ఏసుకోండి సార్" అన్నాడు. "ఆయన ఈ దారే."

ఇంజనీరు అతని వైపు, నా నుదురు వైపు చూశాడు. వేలు ఒకసారి నొక్కాడు. కాస్త ఆగి ఇంకోసారి నొక్కాడు.

ఏడుపు అక్కడ వచ్చింది. పోయిన రోజున రానిది, గాజులు తీసినప్పుడు రానిది, అందరి ముందూ, ఎదురు రాకూడని చోట వచ్చింది. కొమ్మ మీద కూర్చున్నాను, ఆయన కూర్చునే వైపు కాదు, రెండో వైపు. మరిది నన్ను లెమ్మనలేదు. నా వెనకాల వచ్చేవాళ్లు నన్ను దాటుకుని గట్టు ఎక్కుతున్నారు, ఇంజనీరు వాళ్లని అడుగుతున్నాడు.